యాంగ్, సన్, చెన్, వూ: మీ ఒంటికి ఏ తాయ్ చీ నప్పుతుంది?

చైనా యుద్ధకళ నుంచి వచ్చిన నెమ్మది కదలికల వ్యాయామం తాయ్ చీ. దాన్ని నేర్చుకుందామని నిర్ణయించుకున్నాకే అసలు చిక్కు మొదలవుతుంది. యూట్యూబ్ తెరిస్తే ఒకరు యాంగ్ శైలి అంటారు, ఇంకొకరు చెన్ శైలి అంటారు, మరొకరు అవన్నీ వద్దు, ఊపిరితో కలిపి చేసే తేలికపాటి చైనా వ్యాయామం చీగాంగ్ చాలంటారు. లాభాల చిట్టా మాత్రం అందరిదీ ఒకటే: బ్యాలెన్స్ కుదురుతుంది, మోకాళ్ల నొప్పి తగ్గుతుంది, బీపీ దిగుతుంది, నిద్ర పడుతుంది, టెన్షన్ పోతుంది. ఈ చిట్టా అబద్ధమేమీ కాదు. కానీ ఈ లాభాలన్నీ అన్ని రకాల్లోనూ ఒకే మోతాదులో రావు. పైగా మీ ఒంటికి సరిపడని రకం పట్టుకుంటే, ఉన్న నొప్పికి ఇంకో నొప్పి తోడవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యాభై దాటి, ఓ మోస్తరు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి యాంగ్ 24, అంటే యాంగ్ శైలిలోని 24 కదలికల చిన్న వరస, చాలు. మోకాళ్లు ఇప్పటికే అరిగినవాళ్లు సన్ శైలి వైపు చూడాలి. చెన్ ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లది. కదలికలు గుర్తుపెట్టుకోవడం అంటేనే బెదిరిపోయేవాళ్లు బాదువాంజిన్ అనే ఎనిమిది కదలికల చీగాంగ్‌తో మొదలుపెట్టవచ్చు. ఎందుకలా అంటున్నానో, ఎవరి విషయంలో ఈ లెక్క మారుతుందో కింద చూద్దాం.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీకు ముఖ్యంగా కావలసింది ఏమిటి? 'ఆరోగ్యం' అంటే సరిపోదు. పడిపోతానేమో అన్న భయమా, మోకాలి నొప్పా, బీపీయా, నిద్రా? వీటిలో ఒక్కటి ఎంచుకోండి.

రెండోది మోకాళ్లు. తాయ్ చీ అంతా మోకాళ్లు కాస్త వంచి చేసేదే. ఎంత వంచాలి, వంచిన కాలి మీద ఎంతసేపు బరువు ఉండాలి, ఆ బరువు మీద ఒళ్లు ఎంత తిప్పాలి అన్నది ఒక్కో శైలిలో ఒక్కోలా ఉంటుంది. శైలుల మధ్య ఉన్న తేడాల్లో మామూలు మనిషికి నిజంగా పనికొచ్చేది ఇదే.

మూడోది, గుర్తుపెట్టుకునే ఓపిక. యాంగ్ సంప్రదాయ రూపంలో, అంటే కదలికల వరసలో, లెక్కించే పద్ధతిని బట్టి 85 కదలికలనీ, 103 అనీ, 108 అనీ చెబుతారు. పూర్తిగా చేయడానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. దాన్ని నేర్చుకోవడం అంటే ఏడాది మాట. అంత ఓపిక లేకపోతే సిగ్గుపడాల్సిన పనేం లేదు, అందుకే చిన్న రూపాలు పుట్టాయి.

నాలుగోది చోటు, అయిదోది గురువు. హాల్లో సోఫా జరిపితే గానీ రెండడుగులు వేయలేని ఫ్లాట్‌లో ఉండేవారికి, రోజూ పార్కుకు వెళ్లేవారికి ఒకే సలహా పనికిరాదు. ఇక మన ఊళ్లలో తాయ్ చీ నేర్పేవాళ్లు యోగా గురువుల్లా వీధికొకరు దొరకరు. హైదరాబాద్ లాంటి నగరంలో కూడా వెతుక్కోవాలి. కాబట్టి చాలాసార్లు దొరికిన గురువే మన శైలిని నిర్ణయిస్తాడు. అది మరీ బాధపడాల్సిన విషయం కాదని చివర్లో చెబుతాను.

## ఏ లాభానికి ఎంత బలమైన ఆధారం ఉంది?

అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది బ్యాలెన్స్‌కి. అమెరికాలోని ఒరెగాన్‌లో 70 ఏళ్లు దాటిన 670 మందిపై జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. వాళ్లంతా అంతకుముందు ఏడాదిలో పడిపోయినవారు, లేదా నడకలో తడబాటు ఉన్నవారు. వారిలో కొందరు తాయ్ చీ చేశారు, కొందరు రకరకాల వ్యాయామాలు కలిపి చేశారు, ఇంకొందరు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేశారు. సాగదీసే వ్యాయామాల గుంపుతో పోలిస్తే తాయ్ చీ గుంపులో పడిపోవడాలు 58 శాతం తగ్గాయి. కలగలుపు వ్యాయామాల గుంపుతో పోల్చినా 31 శాతం తక్కువే. అందులో వాడింది యాంగ్ 24 నుంచి తీసిన ఎనిమిది కదలికలు మాత్రమే. ఈ మాట గుర్తుంచుకోండి. లాభం రావాలంటే 108 కదలికలూ రావాలన్న నియమం ఏదీ లేదు.

ఇది ఎలా పనిచేస్తుంది? మనం పడిపోయేది ఎక్కువగా బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకు మారే క్షణంలో. మెట్టు దిగేటప్పుడు, బాత్‌రూమ్ గడప దాటేటప్పుడు, ఎవరో పిలిస్తే చటుక్కున తిరిగేటప్పుడు. మామూలు నడకలో ఆ క్షణాన్ని ఊపుతో దాటేస్తాం, కండరాలకు పెద్ద పని ఉండదు. తాయ్ చీలో ఊపు ఉండదు. ముందు ఒక కాలిని పూర్తిగా ఖాళీ చేయాలి, బరువంతా రెండో కాలి మీదకు చేరాక ఖాళీ కాలిని నెమ్మదిగా చాపి, మడమ ఆనించి, ఆ తర్వాతే దాని మీదకు బరువు జరపాలి. అంటే పడిపోయే అవకాశం ఉన్న ఆ ఒక్క క్షణాన్నే తీసుకుని, సాగదీసి, మళ్లీ మళ్లీ సాధన చేయిస్తుంది. చీలమండ, తుంటి, అరికాలు అన్నీ ఆ సేపు పనిలో ఉంటాయి. చేతులు గాలిలో తేలిపోవడం చూడటానికి అందంగా ఉంటుంది గానీ అసలు పనంతా కాళ్లలోనే.

పార్కిన్సన్స్ ఉన్నవారికీ ఇదే సూత్రం పనికొచ్చింది. 2012లో వెలువడిన పరిశోధనలో 195 మంది పాల్గొన్నారు. వారానికి రెండుసార్లు, 24 వారాల పాటు తాయ్ చీ చేసినవారిలో నిలకడ, బరువులతో వ్యాయామం చేసినవారిలో కంటే, సాగదీసే వ్యాయామాలు చేసినవారిలో కంటే మెరుగ్గా కుదిరింది.

మోకాలి అరుగుదలకు కూడా ఆధారం బాగానే ఉంది. 2016లో 204 మందిపై జరిగిన పోలికలో యాంగ్ తాయ్ చీ, ఫిజియోథెరపీ రెండూ నొప్పిని దాదాపు సమానంగా తగ్గించాయి. అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మోకాలు, తుంటి అరుగుదలకు తాయ్ చీని గట్టిగా సిఫారసు చేసింది.

బీపీ విషయంలో 2024లో ఆసక్తికరమైన ఫలితం వచ్చింది. చైనాలో బీపీ హద్దు దగ్గర ఉన్న 342 మందిలో సగం మంది యాంగ్ 24 చేశారు, సగం మంది వేగంగా నడవడం, మెట్లెక్కడం, సైకిల్ లాంటివి చేశారు. ఏడాది తర్వాత పై అంకె తాయ్ చీ గుంపులో సుమారు 7, రెండో గుంపులో 4.6 తగ్గింది. అయితే వాళ్లు వారానికి నాలుగుసార్లు, గంట చొప్పున చేశారు. ఆదివారం పొద్దున అరగంట చేసి ఇదే ఫలితం ఆశించకూడదు. మందులు వాడుతున్నవారు డాక్టర్‌తో మాట్లాడకుండా వాటి జోలికి పోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

నిద్రకీ, ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియాకీ కూడా మంచి పరిశోధనలే ఉన్నాయి. షుగర్, బరువు తగ్గడం, ఎముకల గట్టిదనం కోసమే అయితే మాత్రం తాయ్ చీని ప్రధాన వ్యాయామంగా పెట్టుకోకండి. శ్రమ లెక్కలో అది మామూలు నడక స్థాయిలోనే ఉంటుంది. చేతుల మీద, భుజాల మీద బరువు పడదు.

## ఒక్క చూపులో

| రకం | మోకాళ్ల మీద భారం | నేర్చుకోవడం | చోటు | ఎక్కువ పనికొచ్చేది |
|---|---|---|---|---|
| యాంగ్ 24 | మధ్యస్థం, ఎత్తు మార్చుకోవచ్చు | మూడు నాలుగు నెలలు | హాలు లేదా డాబా | బ్యాలెన్స్, బీపీ, నలుగురితో కలిసి చేయడం |
| సన్ (ఆర్థరైటిస్ రూపం) | తక్కువ | రెండు మూడు నెలలు | మధ్యస్థం | అరిగిన మోకాళ్లు, వయసు పైబడినవారు |
| చెన్ | ఎక్కువ | చాలా నెమ్మది | కాస్త ఎక్కువ | కాళ్ల బలం, యుద్ధకళ మీద ఆసక్తి |
| వూ | మధ్యస్థం | మధ్యస్థం | తక్కువ | ఇరుకు ఇళ్లు, నెమ్మదైన సాధన |
| బాదువాంజిన్ | తక్కువ | కొద్ది వారాలు | చాప పరిచేంత | మొదటి అడుగు, ఆఫీసు విరామం |

నెలల లెక్క వారానికి రెండు క్లాసులు, ఇంట్లో రోజూ కాసేపు సాధన ఉంటేనే.

## యాంగ్ 24

తాయ్ చీ మూలాన్ని హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే పల్లెతో ముడిపెడతారు. ఆ చెన్ కుటుంబం దగ్గర నేర్చుకుని బీజింగ్‌కు తీసుకెళ్లినవాడు యాంగ్ లూచాన్. ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫూ దూకుళ్లు, కుదుపులు లేని విశాలమైన, సమవేగపు కదలికలతో ఆ రూపాన్ని స్థిరపరిచాడు. ఆ పొడవాటి రూపాన్ని 1956లో చైనా ప్రభుత్వ క్రీడా కమిషన్ 24 కదలికలకు కుదించింది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు ప్రపంచంలో ఏ దేశం పార్కులో చూసినా కనిపించేది ఎక్కువగా ఇదే.

దీని పెద్ద బలం, ఎత్తును మనమే పెట్టుకోవచ్చు. మోకాలు కొద్దిగా వంచి నిటారుగా చేసినా అది యాంగే, బాగా దిగి చేసినా యాంగే. ఒకే ఇంట్లో నలభై ఏళ్ల కొడుకూ, డెబ్భై ఏళ్ల తండ్రీ పక్కపక్కన నిలబడి చేసుకోవచ్చు. పైన చెప్పిన పరిశోధనల్లో చాలావాటిలో వాడింది ఈ శైలే. వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఊరు మారినా, దేశం మారినా మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సిన పని ఉండదు. పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండడానికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఇది చిన్న లాభమేం కాదు. అక్కడ వృద్ధుల కేంద్రాల్లో తాయ్ చీ క్లాసు ఉంటే, అందులో నేర్పేది చాలావరకు యాంగ్ పద్ధతే. భాష రాకపోయినా వెనక వరసలో నిలబడి కలిసిపోవచ్చు.

ఇబ్బంది రెండు చోట్ల ఉంది. మధ్యలో కుడికీ ఎడమకీ మడమతో తన్నే కదలికలు వస్తాయి. ఆ తర్వాత నేలకు దగ్గరగా దిగి, లేచి ఒంటికాలి మీద నిలబడేది ఉంటుంది, అదీ రెండు వైపులా. మోకాళ్లు బాగోలేనివాళ్లు దిగకుండా, కాలు కొద్దిగా మాత్రమే ఎత్తి దాటేయాలి. "అది లేకపోతే పూర్తి కాదు" అని పట్టుబట్టే గురువు దగ్గర నేర్చుకోవద్దు.

## సన్

సన్ లూతాంగ్ (1860–1933) తాయ్ చీకి రాకముందే షింగ్‌యీ, బాగ్వా అనే మరో రెండు యుద్ధకళల్లో ఆరితేరినవాడు. ఆ అడుగుల చురుకుదనం ఆయన శైలిలో కనిపిస్తుంది. ఒక కాలు ముందుకు వేస్తే రెండోది వెంటనే వెనకే వచ్చి చేరుతుంది. వంచిన ఒకే కాలి మీద బరువు ఎక్కువసేపు ఆగదు, నిలబడే ఎత్తు కూడా ఎక్కువ. అరిగిన మోకాళ్లకు ఇది హాయిగా ఉండడానికి కారణం అదే.

ఆస్ట్రేలియాలో పాల్ లామ్ అనే డాక్టర్ 1997లో ఇతర నిపుణులతో కలిసి ఆర్థరైటిస్ ఉన్నవారి కోసం ఒక చిన్న రూపాన్ని తయారుచేశాడు. ఆయనకూ ఆర్థరైటిస్ ఉంది. దానికి ఎంచుకున్నది సన్ శైలినే. మీ ఇంట్లో అమ్మకో, అత్తయ్యకో కింద కూర్చుని లేవడం కష్టమై, పూజ దగ్గర కూడా కుర్చీ వేసుకునే పరిస్థితి వస్తే, నేనైతే మొదట చూపించేది ఇదే.

మరి అందరూ ఇదే చేయొచ్చు కదా? రెండు కారణాలు. నేర్పేవాళ్లు యాంగ్ కంటే చాలా తక్కువ. పైగా వెంట వచ్చే ఆ చిన్న అడుగు చూడటానికి తేలికే గానీ, తడబడే కాళ్లకు మొదట్లో గందరగోళంగా ఉంటుంది. మొదటి నెల గోడ పక్కనో, కుర్చీ పక్కనో చేయడం మేలు.

## చెన్

మిగతా తాయ్ చీ శైలులు పుట్టింది దీనిలోంచే. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ రూపుదిద్దాడని చెబుతారు. నెమ్మదిగా సాగుతూ సాగుతూ ఒక్కసారిగా పిడికిలి విసరడం, కాలితో నేలను దబ్బున తన్నడం, లోతుగా దిగి నిలబడడం, నడుము నుంచి మణికట్టు దాకా దారం పేనినట్టు మెలి తిరగడం దీని లక్షణాలు. చూస్తే ఇదే చేయాలనిపిస్తుంది. తాయ్ చీ అంటే ముసలివాళ్ల వ్యాయామం అనుకునే కుర్రాళ్లకు చూపించాల్సింది కూడా ఇదే.

కానీ వంగి ఉన్న మోకాలి మీద బరువు ఉంచి మెలి తిప్పడం మోకాలికి ఏమాత్రం గిట్టదు. తుంటి తిరగాల్సిన చోట మోకాలు తిరిగితే నెల రోజుల్లో నొప్పి మొదలవుతుంది. చెన్ శియావాంగ్ కూర్చిన 19 కదలికల రూపం, చెన్ జెంగ్‌లేయ్ కూర్చిన 18 కదలికల రూపం కొత్తవాళ్ల కోసమే ఉన్నాయి. అయినా వీడియో చూసి ఒంటరిగా నేర్చుకోకూడని శైలి ఏదైనా ఉందంటే అది చెన్నే.

## వూ, బాదువాంజిన్

వూ పేరుతో రెండు శైలులున్నాయి. ఎక్కువగా కనిపించేది వూ జియాన్‌చ్వాన్ (1870–1942) పేరు మీద వచ్చినది. అడుగులు చిన్నవి, ఒళ్లు కొద్దిగా ముందుకు వాలి ఉంటుంది. ఇరుకు గదిలో ఇమిడిపోతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆ వాలు సంగతి గురువుతో ముందే మాట్లాడుకోవాలి. మంచి వూ గురువు దగ్గర్లో ఉంటే వెళ్లండి, దీని కోసమే ఊరంతా తిరగక్కర్లేదు.

బాదువాంజిన్ కచ్చితంగా చెప్పాలంటే తాయ్ చీ కాదు, చీగాంగ్. ఎనిమిది కదలికలు, ఒక్కోటీ కొన్నిసార్లు చేయాలి. చేతులతో ఆకాశాన్ని మోయడం, విల్లు లాగడం, చివర్లో మడమలెత్తి దించడం. మొత్తం పన్నెండు నిమిషాల పని. వరస మరిచిపోతానన్న టెన్షన్ ఉండదు. మెడ, భుజాలు పట్టేసే ఐటీ ఉద్యోగులకు, ఊపిరి నెమ్మదించాలనుకునేవారికి నేను దీన్నే ముందు చెబుతాను. అయితే ఇందులో అడుగులు వేయడం దాదాపు లేదు. పడిపోయే భయం తగ్గించుకోవాలన్నదే మీ ఉద్దేశమైతే ఇది ఒక్కటే సరిపోదు, బరువు మార్చే అడుగులు ఉన్న రూపానికి వెళ్లాల్సిందే.

## నడక, యోగా ఉండగా ఇది ఎందుకు?

రోజూ నడిచేవాళ్లు నడక మానేసి తాయ్ చీకి మారక్కర్లేదు. నడక గుండెకు పని, తాయ్ చీ నిలకడకు పని. 65 దాటినవారు వారానికి మూడు రోజులైనా బ్యాలెన్స్‌కు సంబంధించిన వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడిచేవాళ్లలో చాలామంది వదిలేసేది సరిగ్గా అదే. వారంలో మూడు రోజులు నడకలో ఓ ఇరవై నిమిషాలు తగ్గించి తాయ్ చీకి ఇస్తే చాలు.

యోగాతో పోలిక కొంచెం చిక్కైనది. ఒంటి వంపు, ఊపిరి విషయంలో యోగాదే పైచేయి, నేర్పేవాళ్లకు కొదవ లేదు, భాష మనదే. వృక్షాసనంలోనూ బ్యాలెన్స్ ఉంది. కాకపోతే అది కదలకుండా నిలబడే బ్యాలెన్స్, తాయ్ చీది కదులుతూ నిలదొక్కుకునే బ్యాలెన్స్. కింద కూర్చుని లేవలేనివారికి తాయ్ చీ అంతా నిలబడే సాగుతుంది కాబట్టి ఆ బాధ లేదు. ఇప్పటికే యోగా బాగా కుదిరి, మోకాళ్లు సహకరిస్తున్నవాళ్లు మారాల్సిన అవసరం నాకైతే కనిపించదు. జిమ్ చేసే పని మాత్రం ఈ రెండూ చేయవు. కండ, ఎముక కోసం వారానికి రెండు రోజులు బరువులు ఎత్తాల్సిందే.

## గురువా, వీడియోనా?

పైన వాయిదా వేసిన మాట ఇది. మీ ఊళ్లో సన్ గురువు లేడు, యాంగ్ గురువు ఉన్నాడు. మోకాళ్లు ఓ మాదిరిగా ఉన్నాయి. అప్పుడు యాంగ్‌నే ఎత్తుగా నిలబడి నేర్చుకోండి. మీ మోకాలిని చూసి సరిదిద్దే మనిషి, ఏ శైలి పేరు కంటే ఎక్కువ విలువైనవాడు. మొదటి క్లాసులోనే ఇవి గమనించండి: మోకాలు కాలివేళ్లు చూసే దిక్కునే ఉండాలని, వేళ్లను దాటి ముందుకు పోకూడదని చెబుతున్నాడా? నొప్పి ఉందంటే ఎత్తు పెంచమంటున్నాడా, ఓర్చుకోమంటున్నాడా? ఓర్చుకోమంటే ఇంకొకరిని చూసుకోండి. రోగాలన్నీ నయమవుతాయని చెప్పేవారి దగ్గరకీ వెళ్లకండి.

గురువు అసలే దొరక్కపోతే వీడియోతో బాదువాంజిన్‌గానీ, యాంగ్ 24లోని మొదటి కొన్ని కదలికలుగానీ మొదలుపెట్టవచ్చు. వెనకనుంచి తీసిన వీడియో ఎంచుకోండి, ఎదురుగా తీసినదైతే కుడిఎడమలు తారుమారవుతాయి. పలుచటి, చదునైన అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. మెత్తటి రన్నింగ్ షూస్ వేసుకుంటే మడమ ఎప్పుడు ఆనిందో తెలియదు. టైల్స్ మీద సాక్సులతో వద్దు. తల తిరిగే అలవాటు ఉన్నవారు, ఈ మధ్యే పడిపోయినవారు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు డాక్టర్‌ని ఒకసారి అడిగి, పక్కన బరువైన కుర్చీ పెట్టుకుని, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే చేయండి.